మూడు రాత్రులు... ఒకే టేబుల్!

"అన్నం తినడానికి సముద్రంలోకి ఎల్లాలేటిరా?"

క్రూజ్ టికెట్లు బుక్ చేశామని ఫోన్లో చెప్పగానే మా నాన్న అడిగిన మొదటి ప్రశ్న ఇది. రెండోది "ఎంతయింది?" మొదటిదానికి నవ్వాను. రెండోదానికి సిగ్నల్ సరిగ్గా లేనట్టు "హలో... హలో..." అని పెట్టేశాను.

మాది శ్రీకాకుళం జిల్లా, కళింగపట్నం దగ్గర ఊరు. మా ఆవిడది విజయనగరం టౌన్. ఇద్దరం హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేరే. అప్పట్లో నా డ్యూటీ పొద్దున పది నుంచి రాత్రి ఏడు దాకా. తనది అమెరికా క్లయింట్. సాయంత్రం ఆరున్నరకి హెడ్‌సెట్ పెట్టుకుంటే తెల్లవారుజామున మూడున్నరకి తీస్తుంది. నేను ట్రాఫిక్ దాటుకుని ఇంటికొచ్చేసరికి బెడ్‌రూమ్ తలుపు మూసి ఉంటుంది, లోపల్నుంచి ఇంగ్లిష్ వినిపిస్తుంటుంది. నేను పొద్దున లేచేసరికి తను గాఢనిద్రలో ఉంటుంది. మధ్యలో మా సంసారం మొత్తం వాట్సాప్‌లో నడిచేది. 'పాలు అయిపోయాయి.' 'కరెంట్ బిల్లు కట్టావా?' 'అత్తయ్యకి ఫోన్ చెయ్.'

ఒక ఆదివారం ఏదో రీఫండ్ కోసం ఫుడ్ డెలివరీ యాప్‌లో పాత ఆర్డర్లు చూస్తున్నాను. అకౌంట్ ఇద్దరిదీ ఒకటే. ఒకే అడ్రస్, ఒకే రాత్రి, రెండు ఆర్డర్లు. 8:40కి నాది, 11:50కి తనది. కిందకి జరిపాను. మళ్ళీ అదే. ఇంకా కిందకి... పేజీలకు పేజీలు అవే జంటలు. తనకి చూపించాను. ఒక నిమిషం స్క్రోల్ చేసి, "మనం మొగుడూ పెళ్ళామా, రూమ్మేట్సా?" అంది. జోక్‌గానే అంది. ఇద్దరికీ నవ్వు రాలేదు. అప్పటికి మా పెళ్ళయి 26 నెలలు.

క్రూజ్ ఆలోచన అలా వచ్చింది. గోవా, కేరళ అనుకున్నాం కానీ, అక్కడ నెట్‌వర్క్ ఉంటుంది. నడి సముద్రంలో ఉండదు. అదొక్కటే మా లెక్క.

విశాఖకి క్రూజ్ రావడం కొత్తేమీ కాదు. కార్డీలియా వాళ్ళ 'ఎంప్రెస్' ఓడ 2022 జూన్‌లోనే వచ్చింది. అప్పట్లో పుదుచ్చేరిలో దిగడానికి అక్కడి ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదని వార్తల్లో చదివాం. తర్వాత 2023 సెప్టెంబర్ 4న విశాఖ పోర్టులో ప్రత్యేకంగా క్రూజ్ టెర్మినల్ ప్రారంభించారు. మళ్ళీ 2025 వేసవి చివర చెన్నై - విశాఖ - పుదుచ్చేరి - చెన్నై రూట్ వేశారు. జూలై 2న విశాఖ, 4న పుదుచ్చేరి, 5న చెన్నై. అంటే మనవైపు ఎక్కేవాళ్ళకి మూడు రాత్రులు. జూలై 4 అమెరికా వాళ్ళకి సెలవు. తన క్లయింట్ ఎలాగూ ఉండడు. తనకి రెండ్రోజులు లీవు పెడితే సరిపోయింది. నేను మూడు పెట్టాను. అందులో ఒకటి నా ప్రాజెక్ట్ రిలీజ్ రోజు. ఆ సంగతి తనకి చెప్పలేదు. గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మా అమ్మకి డబ్బు సంగతి పట్టలేదు కానీ నెల పట్టింది. "ఆషాడం పెట్టి సముద్రం మీద పయానమేటి? సుట్టుపక్కలోలు ఇంటే ఏటనుకుంటారు?" అంది. ఆషాఢంలో ఆలుమగల్ని విడదీస్తారు కదా, మేం మిగతా పదకొండు నెలలూ ఆ పనిమీదే ఉన్నాం అని చెప్పాలనిపించింది. చెప్పలేదు. అయినా ఆవిడ కిలో ఆవకాయ సీసా ప్లాస్టిక్ కవర్లో మూడు చుట్లు చుట్టి తమ్ముడిచేత పంపింది. బయటి తిండి ఓడలోకి తీసుకురాకూడదని టికెట్ల దగ్గరే రాసుంది. పోర్టు గేటు దగ్గర సీసా మళ్ళీ తమ్ముడి చేతిలోనే పెట్టేశాం. వాడు దాన్ని మధురవాడలో తన రూమ్‌కి పట్టుకెళ్ళి, ఫ్రెండ్స్‌తో కలిసి వారంలో ఖాళీ చేశాడు.

ఓడ కుడికి తిరిగింది

సినిమాల్లో చూసి క్రూజ్ అంటే పెద్ద పడవ అనుకుంటాం. దగ్గరికెళ్తే పడవలా కనపడదు. సముద్రం పక్కన ఎవరో అపార్ట్‌మెంట్ కట్టినట్టుంటుంది. పదకొండు అంతస్తులు, 200 మీటర్లకి పైగా పొడవు, 800 దాకా గదులు. ఓడ మాత్రం కొత్తది కాదు. 1990లో ఫ్రాన్స్‌లోని సాన్ నజైర్‌లో తయారైంది. 'నార్డిక్ ఎంప్రెస్' అని మొదటి పేరు. మధ్యలో ఇంకో రెండు మూడు పేర్లు మారి మన దేశానికి వచ్చింది. అంటే నాకంటే పెద్దది. మధ్యలో గాజు లిఫ్టులు, చుట్టూ మెట్లు, పైకి చూస్తే కప్పు దాకా ఖాళీ.

మేం తీసుకుంది లోపలి గది. కిటికీ ఉండదు. అదే చవక. లైటు ఆపితే పట్టపగలు కూడా అర్ధరాత్రే. నైట్ షిఫ్ట్ చేసేవాళ్ళకి ఇంతకంటే మంచి గది దొరకదని మా ఆవిడ తేల్చేసింది.

ఎక్కగానే ఎవరూ తిండి పెట్టరు. ముందు లైఫ్ జాకెట్ డ్రిల్. ప్రమాదం వస్తే ఏ అంతస్తులో, ఎక్కడ నిలబడాలో చూపిస్తారు. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా అనే క్రూజ్ రాయికి కొట్టుకుని ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. అప్పటికి కొత్తగా ఎక్కినవాళ్ళకి ఇంకా డ్రిల్ జరగలేదు. ఆ తర్వాత నుంచి ఓడ కదలక ముందో, కదిలిన వెంటనేనో డ్రిల్ పెట్టాలని ప్రపంచమంతా రూల్ వచ్చింది. సెల్ఫీలు తీసుకుంటూ గడిపేయకుండా ఆ పావుగంట చెవి పెట్టి వినండి.

సాయంత్రం ఓడ కదిలింది. అందరం పై డెక్ మీదకి చేరాం. డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని మీద లైట్‌హౌస్ మెల్లగా పక్కనుంచి జరిగాయి. వెనక బీచ్ రోడ్డు లైట్లు, ఇంకా వెనక కైలాసగిరి. చిన్నప్పుడు ఆర్కే బీచ్‌లో కూర్చుని దూరంగా నిలబడ్డ ఓడల్ని లెక్కపెట్టేవాళ్ళం. ఇప్పుడు ఆ ఓడ మీద నిలబడి బీచ్‌ని చూస్తున్నాను.

రేవు దాటాక ఓడ కుడికి తిరిగింది. మా ఊరు ఎడమవైపు.

నాకు మా మామ్మ గుర్తొచ్చింది. వాళ్ళ నాన్న, అంటే మా ముత్తాత, 1930ల్లో కళింగపట్నం నుంచే ఓడెక్కాడు. ఇప్పుడక్కడ లైట్‌హౌస్, బీచ్ చూడ్డానికి వచ్చేవాళ్ళు తప్ప ఏమీ లేదు కానీ, అప్పట్లో అదొక రేవు. కళింగపట్నం, బారువ, భీమిలి, విశాఖ... ఈ రేవులన్నిటి నుంచీ మనవాళ్ళు బర్మాకి కూలికి వెళ్ళేవాళ్ళు. రంగూన్ అనేవాళ్ళు కాదు, 'రంగం ఎల్లాడు' అనేవాళ్ళు. ఒడ్డు నుంచి చిన్న పడవల్లో ఓడ దాకా వెళ్ళి, పైన డెక్ మీదే ఎండకీ వానకీ కూర్చుని ప్రయాణం. మా ముత్తాత మూటలో అటుకులు, బెల్లం కట్టుకెళ్ళాడట. నాలుగేళ్ళు ఇంటి ముఖం చూడలేదు. ఇక్కడ ముత్తవ్వ మనియార్డరు వచ్చిన రోజే బియ్యం వండేదట. మిగతా రోజులు చోడంబలే. 1941 డిసెంబర్‌లో జపాన్ వాళ్ళు రంగూన్ మీద బాంబులేశాక, లక్షలమంది అడవుల్లో నడిచి వెనక్కి వచ్చారు. వాళ్ళలో ఆయనా ఒకడు. విశాఖలో బర్మా క్యాంప్ అని ఒక పేటే ఉంది. అదీ బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళదే, కాకపోతే తర్వాతి కాలంలో వచ్చినవాళ్ళది.

మా జిల్లా వాళ్ళకి సముద్రం అంటే పనికి వెళ్ళే దారి. ఇప్పటికీ అంతే. మా పక్క మత్స్యకారులు గుజరాత్ వెళ్ళి బోట్లలో పనిచేస్తారు. 2018 నవంబర్‌లో పాకిస్తాన్ వాళ్ళకి దొరికిపోయి 2020 జనవరి దాకా జైల్లో ఉన్నవాళ్ళు మనోళ్ళే. 'తండేల్' సినిమా ఆ కథే. మా నాన్న అడిగిన ప్రశ్నలో వెటకారం ఒక్కటే లేదని డెక్ మీద నిలబడ్డాక అర్థమైంది.

తిండి సంగతి

సరే, మీరు దీనికోసమే చదువుతున్నారని తెలుసు.

టికెట్ డబ్బుల్లోనే గది, పొద్దుటి టిఫిన్, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం స్నాక్స్, రాత్రి భోజనం అన్నీ వచ్చేస్తాయి. స్టార్‌లైట్ అని ఒక పెద్ద రెస్టారెంట్, ఫుడ్ కోర్ట్ అని ఇంకోటి. ఈ రెండిట్లో ఎన్నిసార్లు తిన్నా బిల్లు రాదు. చాప్‌స్టిక్స్ అనే చైనీస్ తరహా రెస్టారెంట్‌కి, మందుకి, స్పాకి, వైఫైకి వేరే కట్టాలి. చాలా క్రూజ్ కంపెనీల లెక్క ఇంచుమించు ఇదే. గది, తిండి చూపించి ఎక్కిస్తారు. బార్, కేసినో, వైఫై మీద సంపాదిస్తారు. కాబట్టి ఓడలో మీ బడ్జెట్ తినేది బిర్యానీ కాదు. కార్డు గీకే ముందు ఒకసారి ఆగండి, చాలు.

బఫే దగ్గర మనవాళ్ళు చేసే తప్పు అందరికీ తెలిసిందే. మొదటి రోజు రాత్రి నేనూ చేశాను. నాలుగు రకాల రొట్టెలు, పనీర్, దాల్, చికెన్, నూడుల్స్, పైన మూడు స్వీట్లు. మా ఆవిడ మాత్రం ప్లేట్ పట్టుకుని ఊరికే ఒక రౌండ్ వేసి, అన్నీ చూసి, కొంచెం అన్నం, పప్పు, వేపుడు, పెరుగు వేసుకుంది. "మూడ్రోజులుంటాం కదా, ఎవరైనా లాక్కుపోతారా?" అంది.

వండేది దేశం మొత్తానికి. జైనులకి ఉల్లి, వెల్లుల్లి లేకుండా వేరే. కాబట్టి ఇక్కడ మన ఆవ పెట్టిన పనసపొట్టు కూర, గుడ్డు బెల్లం పులుసు ఆశించకూడదు. ఏది తిన్నా వేడిగా, శుభ్రంగా ఉంది. ఇడ్లీ నాకు నచ్చింది. లోపలికి వెళ్ళేటప్పుడు చేతులు కడుక్కోమని గుమ్మం దగ్గరే చెబుతారు. విసుక్కోకండి. వేలమంది ఒకే గరిటెలు పట్టుకునే చోట ఒకరికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఓడంతా పాకుతుంది.

వాంతులంటే గుర్తొచ్చింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ సముద్రం చూస్తున్నవాణ్ణి, నాకేమవుతుందని టాబ్లెట్ వేసుకోలేదు. జూలైలో బంగాళాఖాతం ఊరికే ఉండదు. ఓడ పక్కలకి రెక్కల్లాంటివి ఉండి ఊపు తగ్గిస్తాయి కానీ, మొత్తం ఆపలేవు. రాత్రి పదిన్నరకి నా నాలుగు రకాల రొట్టెలూ సముద్ర పరిభాషలో చెప్పాలంటే తిరుగు ప్రయాణం కట్టాయి. సముద్రానికి యాభై కిలోమీటర్లు లోపల పెరిగినట్టు మాట్లాడే విజయనగరం అమ్మాయి మాత్రం రాయిలా ఉంది. నా వీపు రాస్తూ, "కళింగపట్నం సింహం" అంది. మీరైతే డాక్టర్ని అడిగి, ఎక్కే ముందే టాబ్లెట్ వేసుకోండి. గది కింది అంతస్తులో, ఓడ మధ్యలో తీసుకుంటే ఊపు తక్కువ తెలుస్తుంది. పడితే గదిలో ముడుచుకోకుండా డెక్ మీదకెళ్ళి దూరంగా ఆకాశం, నీళ్ళు కలిసే గీత చూడండి. నాకు అల్లం టీ, ఆ గీత రెండూ పనిచేశాయి.

మర్నాడు, అంటే జూలై 3, పూర్తిగా సముద్రమే. ఐదింటికే లేచాం. తనకది పడుకునే టైమ్, నాకింకా లేవని టైమ్. ఎడమవైపు రెయిలింగ్ దగ్గర నిలబడి, నీళ్ళలోంచి సూర్యుడు పైకి రావడం చూశాం. ఎనిమిదింటికి టిఫిన్. నేను దోసె, తను ఉప్మా. తను ఉప్మా ఇష్టంగా తింటుందని నాకు 26 నెలల తర్వాత తెలిసింది. "ఎప్పట్నుంచి?" అన్నాను. "పుట్టినప్పట్నుంచి" అంది.

తర్వాత డెక్ కుర్చీల్లో పడుకున్నాం. నిజంగా పడుకున్నాం. పక్కన స్విమ్మింగ్ పూల్, పిల్లల గోల, ఎవరో సూరత్ నుంచి వచ్చిన పెద్ద కుటుంబం అంత్యాక్షరి. పైన క్లైంబింగ్ వాల్, కింద షోలు, తంబోలా. ఏదీ వద్దనిపించింది. ఓడలో విశ్రాంతి అంటే నాకు అర్థమైంది ఇదే. తర్వాత ఎక్కడికెళ్ళాలి, క్యాబ్ ఎప్పుడు వస్తుంది, హోటల్ చెకౌట్ ఎన్నింటికి... ఇవేవీ ఉండవు. ఊరే కదులుతుంది, మనం కదలం.

"నీళ్ళేవి?"

నేను చెప్పకుండా దాచింది ఇక్కడే బయటపడింది.

మధ్యాహ్నం మూడింటికి మా ప్రాజెక్ట్ రిలీజ్. తను కుర్చీలో నిద్రపోతోంది. "నీళ్ళు తెస్తా" అని లేచి, కిందకెళ్ళి వైఫై ప్యాకేజీ కొన్నాను. ఐదు నిమిషాలు చూసి వచ్చేద్దామని. బిల్డ్ ఫెయిలైంది. గ్రూప్‌లో నన్ను ట్యాగ్ చేస్తూ పన్నెండు మెసేజ్‌లు. మెట్ల మీద కూర్చుని ఫోన్లోనే లాగ్స్ చూడ్డం, టైప్ చేయడం. నలభై నిమిషాలయ్యాక తలెత్తితే తను ఎదురుగా ఉంది.

"నీళ్ళేవి?"

అంతే అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. వెళ్ళిపోయింది.

సాయంత్రం అంతా గదిలో మాటల్లేవు. రాత్రి "నాకు ఆకలిగా లేదు, నువ్వెళ్ళు" అంది. వెళ్ళాను. స్టార్‌లైట్‌లో ఇద్దరు కూర్చునే టేబుల్ దగ్గర ఒక్కణ్ణే కూర్చున్నాను. అప్పుడు అమ్మ గుర్తొచ్చి, రెస్టారెంట్ గుమ్మంలో ఇంకా పనిచేస్తున్న ఆ వైఫైతోనే ఫోన్ చేశాను. "తిన్నావేటి? ఒక్కడివే ఉన్నావేటి?" అని అరుస్తోంది. స్పీకర్ ఆన్‌లో ఉంది.

నీళ్ళ గ్లాసు పెడుతున్న స్టీవార్డ్ ఆగి, "సార్, సిక్కోలా?" అన్నాడు.

ఉద్దానం కుర్రాడు, కవిటి దగ్గర. పేరు రాయొద్దన్నాడు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి ఇందులోకి వచ్చాడు. ఇంటి దగ్గర కొబ్బరి, జీడి తోట కొంచెం ఉందట. నా వయసే ఉంటుంది. రెండు మాటల్లోనే సార్ పోయి అన్నా అయ్యాను. "వదిన రాలేదేటి?" అన్నాడు. ఏదో చెప్పాను. ఊరివాళ్ళకి అబద్ధం చెబితే వెంటనే తెలిసిపోతుంది కదా, వాడూ నమ్మలేదు.

"నాకూ పెళ్ళై రెండేళ్ళు అన్నా" అన్నాడు పక్క టేబుల్ సర్దుతూ. "ఎనిమిదేసి నెలలు కాంట్రాక్టు. ఇద్దరం కలిసి తిన్న రోజులు లెక్కెడితే మూడు నెలలుండవు. నిన్న విశాఖలో ఓడ ఆగినప్పుడు ఆవిడ కవిటి నుంచి వచ్చింది. పోర్టు గేటు బయట గంటన్నర దొరికింది. కేరేజీలో కోడి పలావు తెచ్చింది. చెట్టు కింద నించునే తినేసినాం."

ఇంకో టేబుల్ వాళ్ళు పిలిస్తే వెళ్ళిపోయాడు. నాకు నీతి చెప్పాలని చెప్పిన మాట కాదది. వాడి మూతి మీద నవ్వుంది. కోడి పలావు గుర్తొచ్చి వచ్చిన నవ్వది.

నేను ప్లేట్ అలాగే వదిలేసి గదికి పరిగెత్తాను. తను లేదు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. పదకొండు అంతస్తుల ఓడలో మనిషి తప్పిపోతే ఫోన్ చేయడానికి లేదు. వైఫై నా ఫోన్‌కే ఉంది, తన ఫోన్‌కి లేదు. లైవ్ లొకేషన్ లేదు, 'ఎక్కడున్నావ్' అనే మెసేజ్ లేదు. గాజు లిఫ్టులో పైకీ కిందకీ తిరిగాను. షో జరిగే థియేటర్, ఫుడ్ కోర్ట్, పూల్. కేసినోలోకి కూడా తొంగిచూశాను. మా ఆవిడ కేసినోలో ఉంటుందని అనుకున్నందుకు నాకే సిగ్గేసింది.

చివరికి పై డెక్ మీద, వెనకవైపు దొరికింది. సగం చంద్రుడు ఉన్నాడు. నీళ్ళ మీద అక్కడక్కడా దీపాలు. చేపల బోట్లు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. అది అయిపోయి మూడు వారాలే, అందుకే అన్ని బోట్లు. తను వాటినే చూస్తోంది.

"వైఫై పాస్‌వర్డ్ మార్చేశాను, నాకే గుర్తులేదు" అన్నాను. అబద్ధం. తను తిరిగి చూడలేదు. కాసేపయ్యాక, "నాకు ఆన్‌సైట్ వచ్చింది" అంది.

"ఏంటి?"

"టొరంటో. ఏడాదిన్నర. అడిగి మూడు వారాలైంది."

"మూడు వారాలా! చెప్పలేదేం?"

"ఎప్పుడు చెప్పాలి?"

"మెసేజ్ పెట్టొచ్చుగా?"

"అన్నీ మెసేజ్‌లోనే చెప్పుకుంటున్నాం. ఇదొక్కటైనా నీ ఎదురుగా కూర్చుని చెబుదామనుకున్నా. మధ్యాహ్నం లేచి చెబుదామనుకున్నా. నువ్వు నీళ్ళకెళ్ళావు."

ఎంతసేపు నిలబడ్డామో తెలీదు. గాలికి కళ్ళు మండుతున్నాయి, గాలికేనని చెప్పుకున్నాం. తర్వాత తనే "ఆకలేస్తోంది" అంది. మూసే టైమ్‌కి వెళ్ళాం. వేడి వంటలన్నీ తీసేస్తున్నారు. మా ఉద్దానం తమ్ముడు మమ్మల్ని చూసి, ఏమీ అడక్కుండా అన్నం, పెరుగు, ఒక చిన్న గిన్నెలో మామిడికాయ పచ్చడి తెచ్చిపెట్టాడు. అమ్మ ఆవకాయ కాదు. ఆ పూటకి అదే ఆవకాయ.

మర్నాడు పుదుచ్చేరి. చాలామంది దిగారు. మేం దిగలేదు. ఓడ ఖాళీ అయిపోయింది. ఇన్ని కుర్చీలు, ఇంత డెక్, ఇద్దరం. ఆ రోజు టిఫిన్ దగ్గర మొదలుపెట్టిన మాట రాత్రి భోజనం దాకా సాగింది. టొరంటో వెళ్తే నేనేం చేయాలి, నా జీతం ఆగితే హోమ్ లోన్ ఈఎంఐ ఏమవుతుంది, విజయనగరంలో వాళ్ళమ్మ మోకాళ్ళ ఆపరేషన్ ఎవరు చూసుకోవాలి, పిల్లలెప్పుడు... టీ దగ్గర ఒకసారి గట్టిగా పోట్లాడుకున్నాం కూడా. పక్క టేబుల్ సూరత్ పెద్దావిడ మాకేసి చూసి, భాష అర్థం కాకపోయినా, తన ప్లేట్లోంచి రెండు ఖాక్రాలు తెచ్చి మా ముందు పెట్టి వెళ్ళింది. ఎక్కడ దాచి తెచ్చిందో! రూలు మాకేనా అనిపించింది.

అన్నీ తేలలేదు. కానీ నాలుగు పూటలు ఒకే టేబుల్ మీద కూర్చుంటే ఎన్ని విషయాలు మాట్లాడుకోవచ్చో తెలిసింది. మేం రెండేళ్ళలో అన్ని మాట్లాడుకోలేదు.

5వ తేదీ పొద్దున చెన్నై దగ్గరపడుతుంటే ఓడంతా ఒకేసారి టింగ్ టింగ్ మంటూ మోగింది. అందరి ఫోన్లకీ సిగ్నల్ వచ్చింది. నా ఫోన్లో 143 మెసేజ్‌లు. రిలీజ్ నేను లేకుండానే ఆ రాత్రికి అయిపోయిందట. చివరి మెసేజ్‌లో మా మేనేజర్ పెట్టిన బొటనవేలు ఉంది.

ఇప్పుడు నేను యూకే టైమ్ ప్రాజెక్ట్‌కి మారాను. మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి రాత్రి పదిన్నర, ఎక్కువగా ఇంటి నుంచే. తను బ్రేక్ పావు తక్కువ పదకొండుకి పెట్టించుకుంది. రాత్రి పదకొండుకి అన్నం! డాక్టరెవరైనా వింటే తిడతారు. టొరంటో ఇంకా ఖాయం కాలేదు. తను వెళ్తానని చెప్పింది, క్లయింట్ వైపు నుంచి ఆగింది. ఖాయమైతే నేనూ వెళ్ళడానికి దారులు చూస్తున్నాం.

చెన్నై నుంచి ట్రైన్‌లో నేరుగా శ్రీకాకుళం రోడ్‌లో దిగి ఊరెళ్ళాం. అమ్మ చేపల పులుసు వండింది. నాన్న తింటూ తింటూ మళ్ళీ మొదలెట్టారు. "చెప్పలేదు గానీ, ఎంతయింది?" నేను గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టు నటించాను. మా ఆవిడ తలెత్తి, "ఇంతయింది మావయ్యా" అని ఉన్న అంకె ఉన్నట్టు చెప్పేసింది.

ఆయన కలుపుతున్న ముద్ద ఆగిపోయింది. గోడ కేసి చూస్తూ మనసులో ఏదో లెక్క వేశారు. ఎన్ని బస్తాల ధాన్యమో అయి ఉంటుంది.

"టీ కూడా అందులోనే కదా?" అన్నారు.